పన్నెండు గాలాలు

దయ్యాలు, భూతాలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. నాకు అరవై నాలుగేళ్ళు. ఇరవై ఆరేళ్ళుగా కువైట్‌లో, ఎగైలాలో ఒకే ఇంట్లో వంట చేస్తున్నాను. ఏ రోజు ఏం జరిగిందో, ఏది ఎన్ని ఉన్నాయో పుస్తకంలో రాసుకోవడం నా అలవాటు. కిందటేడు నవంబరులో జరిగిన ఈ సంగతి కూడా ఆ పుస్తకం ముందు పెట్టుకునే చెబుతున్నాను.

మాది కడప జిల్లాలో పెన్న ఒడ్డున చేపలు పట్టే ఇల్లు. మా నాయన గాలానికి దారం ఏడు చుట్లు చుట్టి కట్టేవాడు. నాకూ అదే నేర్పాడు. నాది ఎడమచేతి వాటం కాబట్టి నా చుట్లు ఎదురు దిక్కున తిరుగుతాయి. నేను కట్టిన గాలాన్ని కళ్ళు మూసుకుని తడిమినా గుర్తుపడతాను.

నా తమ్ముడు ఓబులేసు ఇక్కడే చేపల లాంచీ మీద పని చేస్తాడు. వల పని అయ్యాక తీరిక వేళ సొంతానికి గాలం వేసుకుంటాడు. వాడికి గాలాలు కట్టేది నేనే. ఆ వారం అబ్బాసియా బజారులో పన్నెండు గాలాల పొట్లం ఒకటి కొన్నాను. మా ఇంటి యజమానురాలు, ఇక్కడ మేమంతా 'మామా' అని పిలిచే ఆమె, తన కూతురికి గౌను కుట్టిస్తే మిగిలిన కెంపురంగు దారాన్ని కట్టు మీద చుట్టాను. ఆ రంగు అంతకుముందు ఎప్పుడూ వాడలేదు. అన్నీ ఒక రేకు డబ్బాలో పెట్టి, చుట్టూ ప్లాస్టరు అంటించి, దానిమీద 12 అని రాశాను.

"పన్నెండూ మళ్ళా అప్పజెప్పాల్నా ఏమక్కా?" అని నవ్వాడు వాడు.

"ఎన్ని పోగొట్టినావో చెప్పు, చాలు," అన్నాను.

ఆదివారం వెళ్ళిన లాంచీ గురువారం రావాలి. రాలేదు. మంగళ, బుధవారాల్లో ఉత్తరం గాలి బలంగా వీచింది. రేడియోకు జవాబు లేదని శనివారం తీరరక్షక దళం వాళ్ళు చెప్పారు. లాంచీలో ఐదుగురు. వెతుకుతున్నామన్నారు. నాకు వాడు తప్ప తోడబుట్టినవాళ్ళు ఎవరూ లేరు. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. మామా చూసి కేకలెయ్యలేదు. "ఖలాస్, ఇంక చాలు. పో, సముద్రం దగ్గర కూర్చో," అంది.

మా ఇంటి డ్రైవరు కరీం రాయచోటి మనిషి. సోమవారం తనే నన్ను ఒడ్డుకు తీసుకెళ్ళాడు. ఉత్తరం గాలికి నీళ్ళు చల్లబడ్డాక సుబైటీ అనే పెద్ద వెండిరంగు చేప లోతు వదిలి ఒడ్డుకు వస్తుంది. చలి ముదిరేలోపు ఆబగా తింటుంది. నీరు తీసేటప్పుడు, అంటే ఆటు వేళ, రాళ్ళగట్టు చివర సుడి తిరిగే చోట ఎర కోసం కాచుకుని ఉంటుంది. పెన్నలో వరద తగ్గేటప్పుడు పెద్ద చేపలను మేము అలాంటి చోటే వెతికేవాళ్ళం. చేతులు ఊరికే ఉంచలేక నా పాత గాలానికి రొయ్య గుచ్చి వేశాను.

మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి పడింది. కిలో నాలుగు వందల గ్రాముల సుబైటీ. నా గాలం తీస్తుంటే పెదవిలో ఇంకొకటి కనబడింది. దారం తెగి ఉంది. ఏడు చుట్లు, ఎదురు తిప్పుడు, పైన కెంపురంగు.

కరీంకు చూపించాను. "గాలం వేసినాడంటే మనిషి ఉన్నట్టే కదక్కా," అన్నాడు. నేను ఆ గాలాన్ని కొంగు చివర ముడేసుకున్నాను.

మంగళవారం రెండున్నరకు ఒకటి, బుధవారం మూడుంబావుకు ఒకటి, గురువారం నాలుగు దాటాక ఒకటి. రోజుకు ఒకే చేప, ప్రతి చేప పెదవిలోనూ నేను ఓబులేసుకు కట్టిన గాలం. వండబుద్ధి కాక, గాలాలు తీసి దాచుకుని, నాలుగు చేపలనూ నీళ్ళలోకే వదిలేశాను.

గురువారం రాత్రి లెక్క వేశాను. పన్నెండులో నాలుగు పోతే ఎనిమిది. తిండి అయిపోయి వాడు గాలాలతోనే బతుకుతుంటే, వాడి చేతిలోవి నేనే ఒక్కొక్కటి లాక్కుంటున్నానేమో అనిపించింది. మొదటిరోజు ఆశ అనుకున్నది ఇప్పుడు భయమైంది.

శుక్రవారం ఒడ్డుకు వెళ్ళాను గానీ గాలం వేయలేదు.

"ఈ పొద్దు కూడా దొరికితే ఉన్నాడని తెలుస్తుంది గదా. వెయ్ అక్కా," అని కరీం బతిమాలాడు.

"దొరికితే ఏడే మిగుల్తాయి కరీమూ. నా వల్ల కాదు," అన్నాను. నీరంతా తీసేవరకు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అంత పొడుగు పూట నా జన్మలో లేదు.

శనివారం పొద్దున ఫోను వచ్చింది. ఇంజను పాడై, మా ఒడ్డుకు ఎంతో దూరాన కొట్టుకుపోతున్న లాంచీ ఒక సరుకు ఓడకు కనబడిందట. ఐదుగురూ ప్రాణాలతో ఉన్నారు. కరిగిన ఐసు నీళ్ళు తాగి, ఐసులో పెట్టిన చేపలే తిన్నారట.

వారం తర్వాత ఓబులేసు వచ్చాడు, సగం మనిషై. వాడు తిన్నాక అడిగాను, గాలాలు ఎన్ని పోయాయని.

"ఇంజను పోయినాక గాలాల మీదికి బుద్ధి యాడ పోతాదక్కా? డబ్బా విప్పనే లేదు," అని సంచిలోంచి తీసి ఇచ్చాడు.

ప్లాస్టరు నేను అంటించినట్టే ఉంది, నా చేతి 12 కూడా. కరీం ఎదుటే కత్తితో కోశాను. లోపల పన్నెండు ఉన్నాయి. పక్కన చేపల నోట దొరికిన నాలుగూ పెట్టాను. పదహారింటికీ అవే చుట్లు, అదే దారం. ఏవి ఏవో నేనే చెప్పలేకపోయాను. ఆ ఏడాది నేను కొన్నది ఒకే పొట్లం. దాని రసీదు ఇప్పటికీ పుస్తకంలో ఉంది.

కరీం పదహారూ మళ్ళీ లెక్కపెట్టి, "ఈ లెక్క మనది కాదక్కా. పుస్తకం మూసెయ్," అన్నాడు.

మూయలేకపోయాను. ఆ పేజీలో 'కట్టినవి 12, ఉన్నవి 16' అని రాసి, కింద గీత గీసి వదిలేశాను. ఆ గీత కింద ఏం రాయాలో ఈ రోజుకీ నాకు తెలియదు.

ఓబులేసు మళ్ళీ లాంచీ ఎక్కాడు. వాడు నీళ్ళ మీద ఉన్నన్నాళ్ళు నేను గాలం వేయను.