ఖాళీ సిలిండర్లో గాలి

దయ్యాలున్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఉద్యోగమంతా ఫైర్ సర్వీసులో గడిపాను. కాలిపోయినవాళ్లనీ, మునిగిపోయినవాళ్లనీ ఈ భుజాల మీదే మోశాను. వాళ్లలో ఒక్కరూ తిరిగొచ్చి నన్ను పలకరించలేదు. బతికున్న మనుషులు చేసే పనులు చూశాక, దయ్యాలు కొత్తగా చేసేదేముందిలే అనిపించేది.

ఇది ఎనభైల్లో మాట. నూజివీడు, ముసునూరు చుట్టుపక్కల మామిడి తోటలు చాలా వరకు మా స్టేషను కిందికే వచ్చేవి. మా దగ్గర ఒకే ఒక్క బి.ఎ. సెట్టు ఉండేది. బి.ఎ. అంటే చదువు కాదు, బ్రీతింగ్ అపరేటస్. వీపు మీద ఉక్కు సిలిండరు, అందులో ఒత్తిడితో నింపిన మామూలు గాలి. దాన్నుంచి ఒక గొట్టం, ముఖమంతా మూసే రబ్బరు మాస్కు. బయట ఎంత విషవాయువున్నా లోపలికి రాదు. మనం పీలిస్తే గాలి వస్తుంది, వదిలింది పక్క వాల్వులోంచి బయటికి పోతుంది. గాలి అయిపోయే ముందు విజిల్ కూసి హెచ్చరిస్తుంది. అది పక్కాగా ఉంటే మనిషి యముడి నోట్లోకి దిగి కూడా తిరిగి రావచ్చు.

మా సెట్టు మమ్మల్ని కాపాడింది తక్కువ, మేం దాన్ని కాపాడింది ఎక్కువ. బీరువాలో పెట్టి తాళం వేసేవారు. తనిఖీ ఉంటే తీసి, తుడిచి, బల్ల మీద పెట్టేవాళ్లం.

ఆ ఏడు వేసవి ముందు తనిఖీకొచ్చిన పెద్దాఫీసరు డ్రిల్లు చూపించమన్నారు. నా స్నేహితుడు రాంబాబు సెట్టు తగిలించుకుని, విజిల్ కూసి కూసి ఆగిపోయేదాకా స్టేషను ఆవరణలో పరిగెత్తాడు. పెద్దాయన చప్పట్లు కొట్టి, భోంచేసి వెళ్లిపోయారు. సిలిండరు మాత్రం ఖాళీ అయింది. నింపించాలంటే విజయవాడ పంపాలి. మీటరు ముల్లు ఎప్పుడో పాడైపోయి, నిండుగా ఉన్నట్టు చూపిస్తూ అక్కడే ఇరుక్కుంది. అందుకని రాంబాబు తన పాత చొక్కా చింపి, సిలిండరు సెట్టుకు కలిసే చోట ఆ పీలిక చుట్టి ముడేశాడు. పీలిక ఉంటే ఖాళీ అని మాకు గుర్తు. సిలిండరు విప్పి నింపాలంటే ఆ పీలిక తెంచి తీరాలి. వాడేసిన ముడి విప్పడం మా ఎవరివల్లా అయ్యేది కాదు.

రాంబాబు చుట్టలు మానేసి లవంగాలు అలవాటు చేసుకున్నాడు. నిద్రలో కూడా బుగ్గన లవంగం ఉండాల్సిందే. వాడి తర్వాత నేను మాస్కు పెట్టుకుంటే పెళ్లివారి వంటశాలలో తలదూర్చినట్టుండేది. దాని మీద వాణ్ణి ఎన్నిసార్లు ఏడిపించానో.

కోతల రోజుల్లో ముసునూరు వైపు తోటలో బావిలో మనుషులు పడిపోయారని కబురొచ్చింది. నీళ్లు లోతుకు పోయాయని అక్కడి రైతులు బావి లోపలే గట్టు కట్టి, ఆయిల్ ఇంజన్ని దాని మీదికి దించేవారు. ఆ ఇంజన్ పొగగొట్టం పగిలింది. ఇంజన్ ఆపడానికి దిగిన కూలీ పైకి రాలేదు. అతని కోసం తమ్ముడు దిగబోతూ, అందరూ చేసినట్టే ముందు లాంతరు దించి చూశాడు. లాంతరు ఆరలేదు. గాలి బాగానే ఉందనుకుని దిగాడు. అతనూ పడిపోయాడు. చాలా బావుల్లో ఆ పరీక్ష పనికొస్తుంది. ఇంజన్ పొగలో ఉండే విషానికి మాత్రం దీపం ఆరదు.

మా సెట్టు స్టేషనులోనే ఉంది, పీలికతో సహా. రాంబాబు తువ్వాలు తడిపి ముఖానికి కట్టుకున్నాడు.

"ఒరేయ్, తడిగుడ్డ ఆ విషాన్ని ఆపదురా" అన్నాను.

"నాకు తెలీదేంట్రా? ఆ తల్లి ఏడుపు వినపడట్లేదా నీకు?" అన్నాడు.

దిగి, తమ్ముణ్ణి తాడుకు కట్టి పైకి పంపాడు. ఆ కుర్రాడు బతికాడు. అన్నకు తాడు కడుతూ రాంబాబు అక్కడే కూలిపోయాడు. ఆయిల్ అయిపోయి ఇంజన్ ఆగి, పొగ పోయాక ఇద్దర్నీ పైకి లాగాం. ఇద్దరిలోనూ ప్రాణం లేదు.

మా స్టేషను ఆఫీసరు పంపిన రిపోర్టులో, సెట్టు అందుబాటులో ఉన్నా వాడకుండా దిగడం రాంబాబు నిర్లక్ష్యం అని ఉంది. ఆ ఒక్క మాటతో వాడి భార్య సుబ్బలక్ష్మికి రావాల్సిన ఉద్యోగం ఆగిపోయింది. ఎంక్వయిరీ వేస్తామన్నారు. సెట్టు ఖాళీగా ఉందని తేలితే ఆ మాట కొట్టేస్తారు, ఆమెకు ఉద్యోగం వస్తుంది. సాక్షిని నేనున్నాను కదా అని ఆమెకు ధైర్యం చెప్పాను.

ఎంక్వయిరీ ఇంకా మొదలవకముందే, మైలవరం దారిలో ఇంకో తోట నుంచి అలాంటి కబురే వచ్చింది. ఈసారి సెట్టు బండెక్కింది. "నింపించానయ్యా, వేసుకుని దిగు" అన్నాడు ఆఫీసరు. ఒక ప్రాణం పోయాక కూడా నింపించకుండా ఉంటాడా అనుకున్నాను. డ్రైవరు కోటయ్య నా వీపుకు సెట్టు బిగించి, వెనకనుంచి వాల్వు తిప్పాడు. నడుముకు తాడు కట్టుకుని దిగాను.

పట్టపగలు. పైన సూర్యుడు మండుతున్నాడు. బావి సగం దిగాక మాస్కు బిగించుకున్నాను, మొదటి ఊపిరికి గాలి వచ్చినట్టే ఉంది. బహుశా మాస్కులో, గొట్టంలో మిగిలినదై ఉంటుంది. గట్టు మీద కాలు పెట్టి పీల్చేసరికి మాస్కు ముఖానికి అతుక్కుపోయింది. సిలిండరు ఖాళీ అయితే అలాగే అవుతుంది. మళ్లీ పీల్చాను. ఏమీ రాలేదు. విజిల్ కూడా కూయలేదు. విజిల్ కూయడానికైనా కాస్త గాలి ఉండాలి కదా. తాడు లాగబోయాను గానీ చేయి లేవలేదు. నా పని అయిపోయిందనుకున్నాను. రాంబాబు మీద జాలి కంటే ఆఫీసరు మీద కోపమే ఎక్కువొచ్చింది.

అప్పుడు మాస్కులోకి గాలి వచ్చింది.

సిలిండరు గాలి ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. పొడిగా, చల్లగా, రబ్బరు వాసనతో ఉంటుంది, మనం పీల్చినప్పుడే వస్తుంది. ఇది గోరువెచ్చగా, చెమ్మగా ఉంది. నేను పీల్చినప్పుడు రాలేదు. దాని ఇష్టమొచ్చినప్పుడు వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది. నా ఊపిరిని దానికి సర్దుకోవాల్సి వచ్చింది. అందులో లవంగం వాసన ఉంది.

భయపడే తీరిక లేదు. ఇంజన్ ఆపి, పడిపోయిన కూలీని నా నడుముకు కట్టుకుని తాడు లాగాను. పైకి లాగుతున్నంతసేపూ ఆ గాలి వస్తూనే ఉంది. తల బావి బయటికి రాగానే ఆగిపోయింది. మాస్కు మళ్లీ ముఖానికి అతుక్కుంది. పీకి పారేశాను.

ఆ కూలీ బతికాడు. జనం నన్ను భుజాలకెత్తుకున్నారు. కోటయ్య మాత్రం సెట్టు వంక చూస్తూ నిలబడ్డాడు. పీలిక అలాగే ఉంది. ముడి రాంబాబుదే.

"బిగించేటప్పుడే చూశానయ్యా. నింపాక మళ్లీ కట్టారేమో అనుకున్నా" అన్నాడు కోటయ్య.

ఎంక్వయిరీలో చెప్పాను. రాంబాబు పోయిన రోజున సెట్టు ఖాళీ అనీ, ఆ తర్వాత కూడా నింపలేదనీ, నేను దిగింది ఖాళీ సిలిండరుతోనేననీ చెప్పాను. పీలిక చూపించాను. ముగ్గురు పెద్దమనుషులూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఖాళీ అయితే నువ్వెలా బతికావయ్యా?" అన్నాడు వాళ్లలో ఒకడు.

గోరువెచ్చని గాలి గురించి, లవంగం వాసన గురించి కూడా చెప్పాను. మరి నిజం చెప్తానని ప్రమాణం చేయించింది వాళ్లే కదా. విషవాయువు తలకెక్కిందని రాసుకుని, నాకు వారం సెలవిచ్చారు. సెట్టు భేషుగ్గా పనిచేస్తుందని తేల్చారు. రుజువు ఏంటంటే, నేను ప్రాణాలతో పైకి రావడం. రాంబాబు నిర్లక్ష్యం ఖాయమైంది. నాకు మెడల్ ఇస్తామన్నారు. వద్దన్నాను.

ఆ తర్వాత చాలామంది నాకు సర్దిచెప్పారు. అడుగున కొంచెం గాలి మిగిలి ఉంటుందన్నారు. రబ్బరుకు పట్టిన వాసన అంత తొందరగా పోదన్నారు. కావచ్చు. అడుగున మిగిలిన గాలి అంతసేపు ఎలా వస్తుందో, వెచ్చగా ఎందుకుంటుందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

సుబ్బలక్ష్మికి ఉద్యోగం రాలేదు. మరుసటి వేసవికి మామిడికాయల షెడ్డులో గంపల్లో ఎండుగడ్డి పరిచే పనిలో చేరింది. అక్కడికెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆమె నవ్వుతుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. గడ్డి సర్దుతూ మొత్తం విన్నది.

"లవంగం వాసనేనా అన్నయ్యా?"

"అవునమ్మా."

ఇంకో గుప్పెడు గడ్డి గంపలో పరిచింది. తర్వాత తలెత్తకుండానే అంది.

"మీకిచ్చిన ఆ ఊపిరేదో, ఆ రోజు తనకే ఉంచుకోవచ్చు కదండీ."

ఆమె ఇంకో గంప ముందుకు లాక్కుంది. నేను లేచి వచ్చేశాను.