నీళ్ళక్క కట్టిన ఇంటర్‌కూలరు

ఆ షెడ్డులో ఆమెను అందరూ నీళ్ళక్క అంటారు. పాత రేడియేటర్లు విప్పి, తొట్టిలో ముంచి, తుప్పు కడిగి, చిల్లులు వెతకడం ఆమె పని. పొద్దున రబ్బరు బూట్లు తొడుక్కుందంటే సాయంత్రం దాకా వేళ్ళు నానుతూనే ఉంటాయి. ఆ పేరు పెట్టినవాళ్ళు వెటకారానికే పెట్టారు. ఆమె మాత్రం ఎవరు పిలిచినా, "ఆఁ, నీళ్ళక్కనే! ఏం కావాలి?" అని షెడ్డంతా వినబడేలా పలికేది. గొంతు తగ్గించుకోవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు, నేర్పబోయినవాళ్ళు నేర్పలేక ఊరుకున్నారు.

తొట్టికి ఎదురుగోడ దగ్గర వెల్డింగు బల్ల ఉంది. తొట్టికీ బల్లకీ నడుమ ఒక కారు పట్టేంత జాగా, అంతే. ఆ కాస్త జాగా దాటి వెళ్ళి పని చేసిన ఆడమనిషి మాత్రం ఆ షెడ్డు పుట్టాక లేదు. కడగడం, తుడవడం, ఊడ్వడం ఆడవాళ్ళవి. అతకడం, బిగించడం, "నేను చేశాను" అని చెప్పుకోవడం మగవాళ్ళవి. ఇలాగని ఏ గోడ మీదా రాసి లేదు. రాసి ఉంటే తడిగుడ్డ పెట్టి తుడిచేసేదే.

అల్యూమినియం అతకడం ఆమె భోజనాల వేళ నేర్చుకుంది. అందరూ డబ్బాలు విప్పుకుంటుంటే ఈమె రెండు ముద్దలు గబగబా మింగి, పారేసిన ఏసీ రేకులు ఏరుకొచ్చి బల్ల ముందు కూర్చునేది. లేత్ బాబాయి కాపలా. ఇనుము తిప్పి చెక్కే లేత్ మిషను దగ్గరే తల నెరిసిన మనిషి ఆయన. "ఓనరు చూశాడంటే ముందు నా వీపు చిట్లుతుంది అమ్మాయ్" అంటూనే స్విచ్చి వేసేవాడు. ఈ వెల్డింగులో ఒక చేత్తో టార్చి పట్టాలి, ఇంకో చేత్తో కరిగే తీగ అందించాలి, వేడి పెంచడానికీ తగ్గించడానికీ కాలి కింద పెడల్ నొక్కాలి. మూడూ ఒకేసారి. కొత్తవాళ్ళు కాలి దగ్గరే తడబడతారు. ఈమె కాలు మాత్రం మొదటిరోజే మాట విన్నది. వినదా మరి! ఆమె మొగుడు దర్జీ. ఇంట్లో ముందుగదిలో మనుషులకన్నా కుట్టుమిషన్లే ఎక్కువ. పెళ్ళైన నాటినుంచీ ఆయన పక్కన కూర్చుని మిషను తొక్కిన కాలు అది.

"నేను గుడ్డ కుడతాను, మా ఆవిడ రేకు కుడుతుంది" అని ఆయన కొలతలకు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

లోపలి గదిలోంచి అత్తగారు అందుకునేది: "ఏం లాభం? ఇంట్లో ఇద్దరు కుట్టేవాళ్ళున్నా తెగిన నా చెప్పు తెగినట్టే ఉంది!"

షెడ్డు వెల్డరు ఎక్కువ జీతం చూసుకుని వేరే చోటికి వెళ్ళిపోయిన రోజుల్లోనే పళ్ళ డాక్టరు తన కారు తెచ్చాడు. నేలకు కరుచుకుపోయినట్టుండే రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, టర్బో ఉన్నది. వారమంతా జనం పళ్ళు పీకి, సెలవురోజున ఆయన కొండదారి పందేలకు వెళ్తాడు.

"మొదటి పరుగులో పులండీ. మూడోసారికి పిల్లి" అని వాపోయాడు.

ఓనరు బానెట్టు ఎత్తి చూశాడు. పనిలో మంచి అనుభవం ఉన్నవాడే. "టర్బో గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది. నొక్కితే గాలి కాగుతుంది. కాగిన గాలిలో సత్తువ ఉండదు. దాన్ని దారిలో చల్లార్చేదే ఇంటర్‌కూలరు. మీ కారుకున్నది చిన్నది, ఒక్క పరుగుకే అదీ కాగి కూర్చుంటోంది. పెద్దది వేయాలి."

పెద్దది తెప్పించారు. పెట్టి చూస్తే బంపరు వెనక అడ్డంగా ఉండే ఇనుపకమ్మీకి తగిలింది. కమ్మీ కోసేద్దామన్నాడు ఫిట్టరు. "దేనికైనా గుద్దుకుంటే నా ప్రాణానికి అడ్డం ఉండేది అదే కదయ్యా!" అన్నాడు డాక్టరు. ఇక ఒకటే దారి. గాలిని చల్లార్చే జాలీ ఒక్కటీ విడిగా కొని, గాలి వచ్చే వైపూ పోయే వైపూ ఆ సందుకు సరిపడే డొప్పలు చేత్తో కట్టి అతకాలి.

"వెల్డరు లేడే" అన్నాడు ఓనరు.

"ఉంది" అంది నీళ్ళక్క తొట్టి దగ్గర్నుంచి.

ఫిట్టరు పకపకా నవ్వాడు. "అక్కా, ఇది బకెట్టుకు మాటు వేయడం కాదు."

"బకెట్టుకు మాటు నువ్వు వేస్తే నీళ్ళు కారాయి తమ్ముడూ, మర్చిపోయావా?" అని, ఆమె తను అతికిన రేకు ముక్కలు నాలుగు తెచ్చి డాక్టరు చేతిలో పెట్టింది. ఆయన వెలుతురుకు తిప్పి చూశాడు. అతుకు చేపపొలుసుల్లా వరసగా ఉంది. "నేను చిగుళ్ళకు వేసే కుట్లు కూడా ఇంత తీరుగా రావు. ఈవిడ చేతే చేయించండి" అన్నాడు.

ఓనరు గడ్డం గోక్కున్నాడు. "సరే. తయారయ్యాక నీ తొట్టిలోనే ముంచి గాలి పట్టి చూద్దాం. ఒక్క బుడగ లేచిందంటే ఇక ఆ బల్ల మాట ఎత్తకూడదు. తొట్టే నీకు శాశ్వతం."

"లేవకపోతే?"

"బల్ల నీది."

మాట అందరి ముందూ పడింది. నీళ్ళక్క చేతులు తుడుచుకుని కారు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

డొప్పలకు ముందు అట్టతో నమూనా కావాలి. కొలతలు ఇంటికి పట్టుకెళ్తే మొగుడు కత్తెర అందుకున్నాడు. "మలుపు దగ్గర కాస్త వదులు ఉంచాలి. లేకపోతే చంకలో పట్టేస్తుంది."

"కారుకు చంక ఎక్కడిదయ్యా?"

"మలుపున్న ప్రతిదానికీ చంక ఉంటుందే పిచ్చిదానా!"

ఆయన అన్నమాట అక్షరాలా నిజమైంది. అట్ట నమూనా పెట్టి చూస్తే, వదులు ఉంచిన చోటే డొప్ప కమ్మీని తప్పించుకుని దూరింది. ఆ నమూనా ప్రకారం రేకు కోసి, వంచి, ఆమె అతుకు మొదలుపెట్టింది. షెడ్డంతా ఏదో ఒక వంకతో అటే తిరిగింది. పనికిరాని పానాల కోసం కూడా ఆ బల్ల పక్కనే వెతుకులాట. చివరి మూల మిగిలి ఉండగా ఆమె భోజనానికి లేచింది. తిరిగొచ్చి అతుకుతుంటే అక్కడ నిప్పు ఒకటి రెండుసార్లు చిటపటలాడింది. గాలి తగిలిందేమోలే అనుకుని ముందుకు పోయింది.

పరీక్ష రోజున డాక్టరు వచ్చాడు. ఇంటర్‌కూలరు రెండు నోళ్ళూ మూసి, తొట్టిలో ముంచి, ఫిట్టరు గాలి పట్టాడు. నీళ్ళు తేటగా నిలిచాయి. అందరూ తొట్టి మీదికి వంగారు. ఆ చివరి మూల నుంచి సన్నగా, ముత్యాల దండలా బుడగలు లేచాయి.

"చెప్పానా?" అన్నాడు ఓనరు. ఆ గొంతులో కోపం లేదు, తీరిక ఉంది. అదే ఎక్కువ గుచ్చుకుంది.

నీళ్ళక్క దాన్ని పైకి తీసి, తుడిచి, వెలుతురులో పట్టుకుంది. అతుకులో సూదిమొన పట్టేంత నల్లటి గుంటలు. అల్యూమినియానికి జిడ్డు తగిలితే వచ్చే మచ్చ అది.

"ఈ మూల ఎవరు తోమారు?"

లేత్ బాబాయి మొహం పాలిపోయింది. "నేనేనమ్మా. నువ్వు అన్నం తినొచ్చేలోగా నీకు పని తగ్గుతుందని... నా మిషను దగ్గరి బ్రష్షుతో."

లేత్ దగ్గరి బ్రష్షంటే నూనె, ఇనుపరజను కలిసి ముద్దైన బ్రష్షు. అల్యూమినియం కోసం వేరే బ్రష్షు ఉంటుంది, అది మరో లోహాన్ని తాకకూడదు. ముప్పూటలా ఇనుముతో బతికిన బాబాయికి ప్రేమ పొంగిన వేళ ఆ సంగతి గుర్తురాలేదు.

"అలాగైతే తప్పు ముసలాయనదన్నమాట" అన్నాడు ఫిట్టరు. తప్పించుకునే తలుపు బార్లా తెరుచుకుంది. ఒక్క అడుగు వేస్తే చాలు.

"కాదు" అంది నీళ్ళక్క. "తోమింది ఆయన, అతికింది నేను. నిప్పు చిటపటలాడితే ఆగి చూడాల్సింది నేను. ఈ బుడగ నాదే." ఓనరు వైపు తిరిగింది. "ఇప్పుడు నా ప్రశ్నకు జవాబు చెప్పండి. వెళ్ళిపోయిన వెల్డరు గారి పనిలో ఎప్పుడూ బుడగలు లేవలేదా? ఆయన అతికినవన్నీ ముంచి చూసింది నేనే."

ఓనరు తొట్టి వైపు చూశాడు.

"లేచినప్పుడల్లా ఆయన్ని ఏ తొట్టి కడగమన్నారు? 'మళ్ళీ వెయ్యి' అన్నారు. టీ కూడా తెప్పించి మరీ అన్నారు. మగవాడి చేతిలో బుడగ లేస్తే అతుకు తప్పు, ఆడదాని చేతిలో లేస్తే ఆడపుట్టుకే తప్పా? నాకు దయ అక్కర్లేదు. ఆయనకిచ్చిన రెండో అవకాశం నాకూ ఇవ్వండి, చాలు."

"అవును, మళ్ళీ వెయ్యనివ్వండి" అన్నాడు లేత్ బాబాయి. ఇన్నేళ్ళలో ఓనరు ముందు ఆయన గొంతు లేవడం అదే మొదలు. ఫిట్టరు నేల చూసి, తల గోక్కుని, "న్యాయమే కదా" అని గొణిగాడు. డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మొదటిసారి సరిగ్గా కూర్చోని పన్ను నేను మళ్ళీ కడతానండి. నాకేం తొందర లేదు."

ఓనరు అందరి మొహాలూ చూశాడు. "ఊఁ, కానివ్వు" అన్నాడు.

ఆమె చెడ్డ అతుకును గ్రైండింగు చక్రంతో కోసి పారేసింది. జిడ్డు వదిలే మందుతో ఆ మూల కడిగి, తెల్లగుడ్డతో తుడిచి, గుడ్డ మీద మచ్చ రానంత వరకూ మళ్ళీ కడిగింది. కడగడంలో ఆమెను మించినవాళ్ళు ఆ షెడ్డులో ఎవరున్నారు? తన బ్రష్షుతో తోమింది. ముసుగు దించింది. కాలు పెడల్ మీద మెత్తగా ఆనింది. నీలిమంట కింద లోహం పాదరసంలా తళుక్కుమంది. తీగ ముంచడం, కదలడం, ముంచడం, కదలడం. ఈసారి చిటపట లేదు, తేనెటీగ పాటలాంటి ఒకటే రొద.

మళ్ళీ ముంచారు. గాలి పట్టారు. ఫిట్టరు ఇంకాస్త పట్టాడు. నీళ్ళు కదల్లేదు. తొట్టిలో వంగిన మొహాలన్నీ అద్దంలో ఉన్నట్టు కనబడ్డాయి.

"చచ్చిందిరా బుడగ!" అని బాబాయి తొట్టి అంచు మీద దరువేశాడు.

బిగించాక డాక్టరు ఆమెను పక్కసీటులో కూర్చోబెట్టుకుని కొండదారి ఎక్కించాడు. మొదటి పరుగు పులి. రెండోది పులి. మూడోసారి మలుపు దాటి ఎత్తు మీదికి మళ్ళగానే కారు ఆమెను సీటుకు అదిమిపెట్టి లాగింది. ఆమెకు నవ్వొచ్చింది. తన చేతి అతుకుల మధ్యనుంచి చల్లబడి పోతున్న గాలే ఇంత బరువును ఇలా తోస్తోందని ఆమె ఒంటికి తెలిసింది. "ఇంకోసారి ఎక్కించండి" అంది. డాక్టరు మారుమాట లేకుండా తిప్పాడు.

ఆ ఇంటర్‌కూలరుకు రంగు వేసి అతుకులు కప్పేద్దామన్న ఓనరు మాట డాక్టరు వినలేదు. బంపరు జాలీలోంచి చూస్తే చేపపొలుసుల వరస ఇప్పటికీ కనిపిస్తుంది. ఇంటికెళ్ళి ఈ సంగతి చెబితే మొగుడు, "అంటే కుట్టు బయటికి కనపడేలా వదిలారన్నమాట! అది చేయి తిరిగినవాళ్ళ ధైర్యం" అన్నాడు.

తొట్టి దగ్గరికి ఇంకో మనిషి వచ్చింది. బల్ల నీళ్ళక్కది. ఒకరోజు ఆమె ముసుగు దించి ఒక ట్యాంకు అతుకుతుంటే ఓనరు ఫోను పట్టుకుని వచ్చాడు. "ఎవరో స్పోర్ట్స్ కారాయన. ఇంటర్‌కూలరు కట్టించుకోవాలట. ఎప్పటికవుతుందని అడుగుతున్నాడు" అన్నాడు.

వెల్డరు అతుకు మధ్యలో ఉండగా పలకరించకూడదన్నది ఆ షెడ్డు పద్ధతి. ఆమె పలకలేదు. ఓనరు నాలుక కరుచుకుని, ఫోనులో మెల్లగా, "ఒక్క నిమిషం ఉండండి. మా వెల్డరు పనిలో ఉన్నారు" అన్నాడు. అటువైపు మనిషి ఏదో విసుక్కున్నాడు. ఓనరు ఫోను ఛాతీకి ఆనించుకుని, మంట వైపు చూడకుండా మొహం తిప్పుకుని నిలబడ్డాడు.

నీళ్ళక్క తొందరపడలేదు. అతుకు చివరిదాకా తెచ్చింది, కాలు మెల్లగా వదిలింది, లోహం పూర్తిగా గట్టిపడిందని చూసుకుంది. అప్పుడు ముసుగు ఎత్తింది.

"ఇప్పుడు చెప్పండి" అంది.