పైడమ్మ గారు నెత్తిన వేసుకున్న తప్పు

ఈ ఉదయం ఇంక్యుబేటర్ తలుపు తీయగానే, బాక్టీరియా పెరిగిన ఫ్లాస్కుల పులిసిన వాసన గుప్పుమంది. పైడమ్మ గారి చీర కొంగుకి ఎప్పుడూ ఈ వాసనే ఉండేది. ఆమె పోయి ఏడాది దాటింది.

విజయనగరం దగ్గర ఒక మందుల కంపెనీ పరిశోధనశాలలో ఆమె నా మొదటి పై అధికారి. నరసన్నపేట వైపు వరి రైతుల బిడ్డ. కొన్ని మందుల అణువులకు మన చేతుల్లాగే ఎడమ, కుడి రూపాలుంటాయి. మాకు కావలసింది ఒక్కటే. రాడికల్ అనే నిలకడలేని అణుముక్కలతో జరిపే చర్యల్లో మాత్రం రెండూ సగం సగం కలిసి వస్తాయి. బాక్టీరియాలో పెంచి తీసిన ఎంజైమ్ సాయంతో ఒక్క రూపాన్నే రాబట్టాలని ఆమె పంతం. అదెలా సాధ్యమని చేరిన కొత్తలో అడిగాను.

"రాడికలంటే పలుపు తెంపుకున్న పెయ్యలాటిదే. ఎటు తిరుగుతాదో దానికే తెలీదు. ఎంజైమ్ లోపల ఇరుకు సందున్నాది సూడు, అందులోకి తోలితే ఒక్క పక్కకే తిరగాల."

చర్యకు వెలుగు కావాలి కనుక నెలల తరబడి నీలి దీపాల కింద సీసాలు పెట్టాం. ప్రతిసారీ సగం సగమే. పైవాళ్లు ప్రాజెక్టు ఆపేస్తామంటున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం పరీక్ష యంత్రం కంప్యూటర్ తెర మీద ఒక్క రూపమే కనిపించింది. పైడమ్మ గారు కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకున్నారు. కబురు పైకి వెళ్లింది. గడువు పెంచారు.

మర్నాడు ట్రే సర్దుతుంటే మేం తయారుచేసిన సీసా ఎవరూ ముట్టనట్టే నిండుగా కనిపించింది. నేను యంత్రంలో పెట్టింది, పోల్చి చూడటానికి కొనుక్కున్న, ఒక్క రూపమే ఉన్న శుద్ధమైన నమూనా! మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు చెప్పేశాను.

ఆమె ఆ సీసా అడిగి చేతిలోకి తీసుకున్నారు. "మూడ్రోజులు కడుపులో ఎలా పెట్టుకున్నావే?" అని మాత్రం అన్నారు. అసలు సీసా పరీక్షించాం. మళ్లీ సగం సగమే.

"పైవాళ్లకి నా పేరు చెప్పండి మేడం."

"సీసా సూడకుండా సంబరపడిపోయింది నేను కాదేటి? నువ్వూరుకో."

ఒక్కరే పైకి వెళ్లి తప్పు తనదన్నారు. నెల తిరక్కుండా ప్రాజెక్టు మూసేసి, ఆమెను ఉద్యోగం నుంచి తీసేశారు.

తరవాత శృంగవరపుకోటలో ట్యూషన్లు చెప్పుకున్నారు. చివరిసారి నేను చూడటానికి వెళ్లేసరికి మంచం పట్టారు. ఎక్కడో ఎవరో ఎంజైమ్‌తో రాడికల్‌ను ఒక్క పక్కకే తిప్పగలిగారని చెప్పాను.

"అవుతాదని నాకు తెల్సే," అని గోడవైపు తిరిగిపోయారు. అది సంతోషమో, దుఃఖమో అడగలేకపోయాను.

ఇప్పుడు నా కింద ఇద్దరు పనిచేస్తున్నారు. వాళ్లు పొరబడితే సంజాయిషీ చెప్పడానికి నేనే వెళ్తాను. అంతవరకు ఆమె నేర్పిందే. కానీ ఆ పాత నివేదికలో పొరపాటు ఇప్పటికీ పైడమ్మ గారి పేరు మీదే ఉంది. అది నాదని రాసివ్వడానికి ఆమె బతికుండగా నాకు ధైర్యం చాలలేదు. ఇప్పుడు రాసిచ్చినా, చదవడానికి ఆమె లేరు.