మీదికి పోయే బస్సు

ఎర్రబోడు స్టేజీ దగ్గర ఎక్కే ఐలమ్మను ఎరగని కండక్టర్ లేడు. ఎరగడమంటే మర్యాదగా ఎరగడం కాదు. ఆమె కనబడగానే "ఆగన్నా, ఇయ్యాల కూడా వచ్చిండ్రు" అని డ్రైవర్‌కు చెప్పి, సీట్లో కాస్త వెనక్కి వాలేంతగా ఎరుగుదురు. ఎందుకంటే ఆమె ఎక్కడం ఒక పట్టాన తెమలదు. ముందు మొగుడు తిరుపతయ్యను ఎక్కించాలి. అతని కాళ్లు నీరు పట్టి వాచి ఉంటాయి, బస్సు మెట్టేమో మోకాలెత్తున ఉంటుంది. వెనక నుంచి ఈమె తోస్తుంది, లోపలి నుంచి ఎవరో ఒక పుణ్యాత్ముడు చెయ్యి అందిస్తాడు. ఆ తర్వాత సంచీ, ఆ తర్వాత ఆమె. ఎక్కాక నోరు మూసుకుని కూర్చుంటుందా అంటే అదీ లేదు.

"గీ మెట్టు జర దించితె మీ సొమ్మేమన్న పోతదా?" అంటుంది, ఎవరి మొహమూ చూడకుండా.

తిరుపతయ్య మూత్రపిండాలు రెండూ పాడయ్యాయి. రోజు విడిచి రోజు సూర్యాపేట దవాఖానలో మిషన్ మీద పడుకోబెట్టి రక్తం శుభ్రం చేయాలి. ఒక విడత తప్పితే ఒళ్లంతా నీరు చేరుతుంది, ఊపిరి ఆడదు. రెండు తప్పితే ఏమవుతుందో దవాఖాన సిస్టర్ చెప్పబోయి ఆగిపోయింది. ఐలమ్మ కూడా గుచ్చి అడగలేదు. ఆమెకు తెలిసిందల్లా పొద్దున్నే బస్సు దొరకాలి, అంతే. మునగాల దాటి కోదాడ వైపు పోయే దారిలో ఉన్న ఎర్రబోడు నుంచి సూర్యాపేటకు బస్సే దిక్కు.

వీళ్లది గొర్రెల కాపరుల ఇల్లు. ఇప్పుడు మందంతా పోయి నాలుగు గొర్రెలు, ఒక బర్రె మిగిలాయి గానీ, ఒకప్పుడు ఎండాకాలం వచ్చిందంటే మొగుడూ పెళ్లామూ మందను తోలుకుని కృష్ణ ఒడ్డు దాకా నడిచేవాళ్లు. అక్కడ కోతలైన మళ్లలో గడ్డి ఉంటుంది, కాలవల్లో నీళ్లుంటాయి. దాన్ని వాళ్లు "కిందికి పోవుడు" అంటారు. వానలు పడ్డాక తిరిగి రావడం "మీదికి పోవుడు". మంద పోయినా ఆ మాటలు మాత్రం నాలుక మీదే ఉండిపోయాయి. ఎర్రబోడులో సగం మందికి ఇప్పటికీ కోదాడ పోవడమంటే కిందికి పోవడమే, సూర్యాపేట పోవడమంటే మీదికి పోవడమే. దారి ఎత్తు ఎక్కుతుందా దిగుతుందా అని ఎవరూ కొలిచి చూడలేదు, చూడాల్సిన అవసరమూ రాలేదు.

అవసరం ఎప్పుడొచ్చిందంటే, స్టేజీ దగ్గర హైవే మీద బ్రిడ్జి కట్టినప్పుడు. కార్లూ లారీలూ బ్రిడ్జి ఎక్కి పోతాయి. ఎర్రబోడు జనం కోసం బస్సు పక్కనున్న సర్వీసు రోడ్డులోకి దిగి, స్టేజీలో ఆగి, మళ్లీ హైవే ఎక్కుతుంది. కొందరు డ్రైవర్లు సణుక్కుంటూ దిగేవాళ్లు, అయినా దిగేవాళ్లు.

ఆ స్టేజీలో బ్రిడ్జి పిల్లరు పక్కన ఒక బండరాయి ఉంది. తిరుపతయ్యను దాని మీద కూర్చోబెట్టి, బస్సు వచ్చేలోపు ఐలమ్మ మాటలతోనే కొత్త బస్సులు తయారుచేసేది. గొర్రెపిల్ల తల్లి దగ్గర పాలు తాగేటప్పుడు ముందు మోకాళ్లు వంచుతుంది చూడండి, అట్లా స్టేజీ రాగానే బస్సు ముందుకు వంగాలి, ముసలోళ్లు ఎక్కాక లేవాలి. సూర్యాపేట బస్టాండ్ నుంచి దవాఖానకు వేరే చిన్న బస్సు ఒకటి పొద్దంతా తిరుగుతూ ఉండాలి. సూర్యాపేట నుంచి కోదాడ, అక్కడి నుంచి మిర్యాలగూడ, మళ్లీ సూర్యాపేట, ఇట్లా గుండ్రంగా బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉండాలి. ఒకటి తప్పిపోతే ఇంకొకటి వస్తుంది. ఎవరూ పరుగెత్తరు, ఎవరూ చెయ్యెత్తి బతిమాలరు.

"డీజిల్ మీ నాయన పోస్తడా?" అనేవాడు తిరుపతయ్య.

"నా బస్సుల నువ్వు ఎక్కకు పో" అనేది ఐలమ్మ.

అతను నవ్వేవాడు. నవ్వితే దగ్గు వచ్చేది, దగ్గు వస్తే ఆమె వీపు రాసేది. వాళ్లకు పొద్దుపోయేది అట్లా. ఆ కాసేపూ ఆమెకు నిజంగానే సంతోషంగా ఉండేది.

ఒక రోజు సూర్యాపేటలో ఆటోకు మైకు కట్టుకుని చెప్పుకుంటూ పోయారు. మూడు పట్టణాల మధ్య బస్సులు ఎట్లా ఉంటే బాగుంటుందో ప్రయాణికులు వచ్చి చెప్పాలట, ఫంక్షన్ హాల్లో సభ అట. తిరుపతయ్య మిషన్ మీద పడుకున్నాడు, లేపడానికి ఇంకా చాలా టైముంది. ఐలమ్మ కొంగు నడుముకు చుట్టి సభకు నడిచింది. ఎన్ని బస్సులు తయారుచేసిందో ఆమెకే తెలుసు, ఒక్కటన్నా చెప్పి రావాలనుకుంది.

అక్కడికి పోయాక మాత్రం బుర్ర తిరిగిపోయింది. గోడ మీద పెద్ద బొమ్మ వేశారు. మూడు రంగుల గీతలు, వాటి మీద చుక్కలు. ఆమెకు తెలిసినంతలో సూర్యాపేట మీద ఉండాలి, కోదాడ కింద ఉండాలి. ఈ బొమ్మలో కోదాడ కుడి పక్కకు జరిగింది, అన్నిటికన్నా కింద మిర్యాలగూడ కూర్చుంది. ఎర్రబోడు ఎక్కడా కనబడలేదు. ఇంతమంది చదువుకున్నవాళ్లు వేశారంటే తానే తల ఎటో పెట్టి చూస్తున్నానేమోనని ఆమె కాస్త పక్కకు వంగింది. పక్కనున్న ఆయన కూడా ఎందుకైనా మంచిదని వంగాడు.

ముందుగా మిర్యాలగూడలో రైస్ మిల్లున్న బద్రీనాథ్ సేటు లేచాడు. తన మిల్లు ముందు నుంచి కోదాడ దాకా స్తంభాల మీద మెట్రో వేయాలన్నాడు. "కింద వడ్ల లారీలు పోతయి, పైన జనం పోతరు. ఎవరికి ఎవరు అడ్డం రారు" అని చేతులు కిందికీ పైకీ ఆడించి చూపించాడు. ఇంకొకాయన పాలకీడు నుంచి హైదరాబాద్‌కు ఎక్కడా ఆగని బస్సు కావాలన్నాడు. ఎక్కడా ఆగకపోతే దాంట్లోకి జనం ఎట్లా వస్తారో ఐలమ్మకు అర్థం కాలేదు, ఆయన ఆ సంగతి చెప్పనూ లేదు.

సభ నడిపిస్తున్నవాడు సునీల్ అనే కుర్ర ఆఫీసరు. మర్యాదస్తుడు, ఎవరేమన్నా ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకుంటున్నాడు. అతని ఆలోచన వేరు. బస్సులు నిదానంగా పోవడానికి కారణం బ్రిడ్జి ఉన్న ప్రతిచోటా సర్వీసు రోడ్డులోకి దిగి ఎక్కడమే. ఏ ఊళ్లకు బస్సు కిందికి దిగడం అక్కర్లేదో అక్కడ బ్రిడ్జి మీది నుంచి వదిలేస్తే మూడు పట్టణాల మధ్యా బస్సు రైలులాగా పోతుంది, ఎక్కేవాళ్లు బ్రిడ్జి చివరిదాకా నడిచిపోతే చాలు. అది చెప్పి, ఊరూరి పేరూ పిలిచి అడగసాగాడు. అతను వివరంగా చెప్పినప్పుడు ఐలమ్మ బొమ్మలో ఎర్రబోడు కోసం వెతుకుతూ ఉంది. పేరు పిలిచినప్పుడు మాత్రం వినబడింది.

"ఎర్రబోడు వాళ్లెవరైనా ఉన్నారా? మీ దగ్గర బస్సు పైనుంచి పోవాలా అమ్మా, కిందనుంచి పోవాలా?"

ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఆమెకు ఇంతసేపటికి అర్థమైన ప్రశ్న ఇదొక్కటే.

"మీదికే సారూ! కిందికి మాకేం పని?"

"బాగా ఆలోచించి చెప్పండి. మీ ఊళ్లో పెద్దవాళ్లు లేరా, ఇబ్బంది కాదా?"

"పెద్దోళ్లు ఉన్నరు గనుకనే అడుగుతున్న సారూ. మా ఆయన పానం బాగలేదు. రోజు ఇడిసి రోజు మీదికే పోతున్నం. మీదికి పోయేటివి ఇంకో రెండు పెంచినా మంచిదే."

సునీల్‌కు ముచ్చటేసింది. జబ్బు మనిషికి వేగమే ముఖ్యమని ఒక పల్లెటూరి మనిషి ఇంత తేటగా చెప్పడం అతను ఊహించలేదు. ఫోన్ నంబరు కూడా అడిగి రాసుకున్నాడు. బద్రీనాథ్ సేటయితే చప్పట్లు కొట్టి, "సూడుండ్రి, గా తల్లికున్న ముందుచూపు మన ఊళ్లె ఎవలికన్న ఉన్నదా!" అన్నాడు. ఐలమ్మ సిగ్గుపడి కూర్చుంది. మోకాళ్లు వంచే బస్సు సంగతి మరిచేపోయింది. ఆ సాయంత్రం తిరుపతయ్యతో ఆ ముచ్చట ఒకటికి పదిసార్లు చెప్పింది.

తర్వాత ఒక పొద్దున ఇద్దరూ పిల్లరు దగ్గర నిలబడ్డారు. బస్సు చప్పుడు వినబడింది గానీ రోడ్డు మీద బస్సు లేదు. చప్పుడు నెత్తి మీది నుంచి వచ్చి నెత్తి మీది నుంచే పోయింది. ఐలమ్మ మెడ పైకెత్తి నోరు వెళ్లబెట్టింది. ఇంకొకటి వచ్చింది, అదీ అంతే.

స్టేజీలో చాయ్ బండి పెట్టుకున్న మల్లేష్ వరసకు అల్లుడవుతాడు. అతను గిన్నె దించి వచ్చాడు.

"ఏందత్తా, గిట్ల జేసినవ్? మన ఊరి బస్సులన్ని బ్రిడ్జి మీదికెల్లి పొమ్మని నువ్వే సెప్పినవంట గదా. డ్రైవర్లు సెప్తున్నరు."

"నేనేడ సెప్పిన? నేను మీదికి పోయే బస్సు అడిగిన."

"గదే గదా మరి, మీదికెల్లి పోతున్నది."

"మీదికెల్లి పోతె నేనెట్ల ఎక్కాలె? మీదికి పోవాలెగాని!"

మల్లేష్ తల గోక్కున్నాడు. ఒక్క క్షణం అతనికీ తేడా తెలియలేదు. తెలిశాక నవ్వాలో ఏడవాలో తెలియక మళ్లీ బండి దగ్గరికి పోయాడు. ఐలమ్మకు మాత్రం ఇంకా తెలియలేదు. తాను సరిగ్గానే అడిగింది, వాళ్లు అడిగిందే ఇచ్చామంటున్నారు, బస్సేమో లేదు. ఇందులో తప్పు ఎక్కడుందో ఆమెకు దొరకలేదు.

బ్రిడ్జి చివరిదాకా తిరుపతయ్య నడవలేడు గనుక ఆ రోజు షేర్ ఆటోలు మారుతూ పోయారు. గుంటగుంటకూ తిరుపతయ్య మూలిగాడు. ఆలస్యమైపోయి, వరసలో అందరి తర్వాత మిషన్ దొరికింది. ఇంటికి వచ్చాక అతను అన్నం ముట్టలేదు. తర్వాతి విడత రోజు పొద్దున ఆమె బలవంతాన స్టేజీ దాకా నడిపించుకొచ్చింది. అతను బండరాయి మీద కూర్చుని పిల్లరుకు వీపు ఆనించాడు.

"నేను రాను. ఇగ చాలు" అన్నాడు.

"చాలంటె ఎట్లయితది?"

"నీ ఒళ్లు ఇరుగుతున్నది, నా ఒళ్లు ఇరుగుతున్నది. ఆటోల సచ్చేదానికన్న ఇంట్ల సచ్చుడు నయం గాదె?"

ఐలమ్మకు కోపం వచ్చింది, వెంటనే భయం వేసింది. బస్సు పోగొట్టిందని ఊరంతా తిట్టినా లెక్కచేయలేదు గానీ ఈ మాటను మాత్రం అట్లా వదిలేయలేకపోయింది. సభలో తాను ఆడిన ఏదో ఒక మాట మొగుణ్ని చంపబోతోంది. ఆ మాట ఏదో తెలిస్తే వెనక్కి తీసుకునేది.

అప్పుడే ఫోన్ మోగింది. సునీల్.

"అమ్మా, బాగున్నారా? మీరు కోరినట్టే బస్సులు పైనుంచి వేయించాం. ఆయనకు వీలుగా ఉందా?"

"సారూ, మాకు మీది బస్సు వద్దు సారూ..." అంది. అనగానే ఇంకో అనుమానం వచ్చింది. సూర్యాపేట బస్సే తీసేస్తారేమో. "వద్దంటె వద్దని కాదు. కావాలె. మీదికి పోవాలె."

"పైనుంచే కదమ్మా పోతోంది?"

"మీదికెల్లి పోవద్దు!"

"అయితే కిందికి పంపమంటారా?"

"అయ్యో, కిందికి పంపకుండ్రి, కిందికి కోదాడ ఉంటది!"

అటువైపు సునీల్ గట్టిగా ఊపిరి వదిలాడు. విసుగు కాదు, పాపం అతనికీ దారి తోచడం లేదు. "అమ్మా, కోదాడ మాట పక్కన పెట్టండి. పైనా, కిందా? ఒక్క మాట చెప్పండి చాలు."

ఆ ఒక్క మాటే ఐలమ్మ దగ్గర లేదు. ఒకటి అంటే బస్సు నెత్తి మీదికెల్లి పోతుంది, ఇంకొకటి అంటే కోదాడ పోతుంది. పుట్టినప్పటి నుంచి నమ్ముకున్న రెండు మాటలూ ఇట్లా చేస్తాయని ఆమె ఎన్నడూ అనుకోలేదు. కళ్ల నీళ్లు వచ్చాయి. తుడుచుకోకుండానే అరిచినట్టు అంది.

"మీదికి వద్దు, కిందికి వద్దు సారూ. మా ఆయన నిలబడ్డ కాడికి రావాలె. గంతే."

సునీల్ మెల్లగా అడిగాడు. "ఆయన ఎక్కడ నిలబడతారమ్మా?"

ఐలమ్మ మొగుడి వైపు చూసింది. పిల్లరుకు ఆనుకుని, వాచిన కాళ్లు చాపుకుని కూర్చున్న మనిషి. ఒకప్పుడు మంద ముందు కృష్ణ దాకా నడిచిన మనిషి.

"నిలబడలేడు సారూ" అంది. "గందుకే బస్సు రావాలె."

ఆ మాట తిరుపతయ్యకు వినబడింది. మొహం అటు తిప్పుకుని తువ్వాలతో రుద్దుకున్నాడు. ఫోన్‌లో సునీల్ ఏదో చెబుతూనే ఉన్నాడు, ఐలమ్మకు ఏమీ చెవికి ఎక్కడం లేదు. ఆమె చూస్తుండగానే తిరుపతయ్య చెయ్యి చాపాడు.

"ఆ సంచి ఇటియ్యి" అన్నాడు. "ఆటో పిలువు. పోదాం పా."