మోగని డప్పుకు సాక్షిని

ఎనిమిదేళ్లుగా ఒక సంతకం మోస్తున్నాను. కాగితం మీద అర అంగుళం కూడా ఉండదు. దాని బరువు మీతో కాక ఇంకెవరితో చెప్పుకోను? నా పేరు మాత్రం అడగకండి.

విజయవాడ దాటాక ఒక ఊళ్లో గుమాస్తాగా పనిచేసేదాన్ని. ఇసుక లారీలు పెరిగాయని, కాలవగట్టు రోడ్డు మీద సైకిళ్లు తొక్కకూడదని మా ఆఫీసు ఆర్డరు వేసింది. అలాంటి ఆర్డరుకు ముందు ఊళ్లో డప్పు కొట్టించి చాటాలి, అభ్యంతరాలు అడగాలి. చాటినట్టు ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. మా దగ్గర అలవాటేమిటంటే ముందు సంతకాలు, తర్వాత డప్పు. ఆ ఇద్దరిలో నేనొకదాన్ని. ఆసారి డప్పు కొట్టే మనిషి జ్వరంతో పడుకున్నాడు. ఆ సంగతి అందరూ మరిచిపోయారు. నాకు గుర్తుంది, పైకి అనలేదు.

ఆంజనేయులు గారు నేత చీరల మూట సైకిలుకు కట్టుకుని, భవానీపురం నుంచి వచ్చి ఆ గట్టు వెంట ఊళ్లన్నీ తిరిగి అమ్మేవారు. నాకూ అమ్మారు. వేరే దారి చాలా చుట్టు, అంత మూటతో తొక్కలేరు. చాటామని రాసిన రోజంతా మా ఊళ్లోనే అమ్ముతున్నా డప్పు వినలేదని, చాటింపు లేని నిషేధం చెల్లదని ఆయన కోర్టుకెళ్లారు. గెలిచే కేసే. వాయిదాకు ముందురోజు మధ్యాహ్నం ఆఫీసు మెట్ల దగ్గర నన్ను ఆపారు.

“మేడంగారూ, కోర్టు కాగితాల్లో మీ సంతకం కనబడిందండీ. డప్పు మీరు విన్నారా అండీ?”

నిలదీయలేదు. తెలుసుకుందామని అడిగారు. ఉద్యోగం పోతుందని భయపడ్డానా? ఆయన ముందు తప్పు చేసిన మనిషిగా నిలబడలేకపోయానా? ఇప్పటికీ తేలదు, లేచి గదంతా తిరుగుతాను, మళ్లీ కూర్చుంటాను, ఈ రెండూ కాదు, ఆ ఒక్క నిమిషం ఎలాగో గడిచిపోతే చాలనుకున్నానేమో అనిపిస్తుంది.

“విన్నానండీ,” అన్నాను.

ఆయన చెవి తడుముకున్నారు. “అయితే నా చెవులకే ఏదో వచ్చినట్టుందండీ. మీరు అబద్ధమెందుకు చెబుతారు?”

మర్నాడు కేసు వెనక్కి తీసుకున్నారు. తొక్కకూడదు గనక ఆ సైకిలును గట్టు పొడవునా నడిపించుకుంటూ వెళ్లేవారు. నేను స్కూటరు మీద ఆయన పక్కనుంచే పోయేదాన్ని, తల తిప్పకుండా. కొన్నాళ్లకు తిరగడం మానేసి ఎవరిదో బట్టల కొట్లో చేరారట. కొట్టుకు వచ్చినవాళ్లతో ఇప్పటికీ, “నాకు కాస్త చెవుడండీ, గట్టిగా చెప్పండి,” అంటారట.

క్షమించమని అడగను. అడిగే మొహం లేదు. రాశాక మాత్రం ఊపిరి కొంచెం ఆడుతోంది.

ఆంజనేయులు గారూ, మీ చెవులకేమీ కాలేదు. ఆ డప్పు మోగనే లేదు.