స్పీకరు వైరు మీద సాక్ష్యం

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి ఏదో ఒక పిచ్చి పట్టడం మామూలే. తొంభైల మొదట్లో, బాపట్లలో గుమాస్తాగా చేరిన ఆ రోజుల్లో, నాకు పట్టింది స్టీరియో పిచ్చి. వారమంతా బాపట్లలో అద్దెగదిలో ఉండి, శనివారం రేపల్లె బస్సెక్కి ఇంటికి చేరగానే, అమ్మ కాఫీ కలిపేలోపే టేప్‌ డెక్‌ మీద కప్పిన తెల్లగుడ్డ తీసేవాణ్ణి. మా ముందుగదిలో సగం ఆ సెట్టే. ఆంప్లిఫయరు తెనాలిలో రేడియోలు బాగుచేసే భాయ్‌ గారు స్వయంగా తన చేత్తో బిగించి ఇచ్చింది. స్పీకర్లు మా వీధి వడ్రంగి చేసిన రెండు చెక్కపెట్టెలు (ఆయన కోళ్లగూళ్లు చెయ్యడంలో దిట్ట, ఇవీ అంతే గట్టిగా చేశాడు).

అక్కడితో ఆగితే బాగుండేది. ఒక ఇంగ్లీషు పత్రికలో చదివాను, ఆంప్లిఫయరుకీ స్పీకరుకీ మధ్య వైరు మంచిది కాకపోతే పాటలో సగం దారిలోనే పోతుందట. నా సెట్టుకు ఉన్నది బల్బులు వేలాడదీసే మామూలు సన్న వైరు. అంటే ఇన్నాళ్లూ నేను సగం పాటే వింటున్నానన్నమాట! దిగులు పట్టుకుంది. ఆఫీసు పని మీద మద్రాసు వెళ్లినప్పుడు వెతికి వెతికి వేలంత లావు వైరు మోసుకొచ్చాను. పైన గాజులా కనిపించే తొడుగు, లోపల మిలమిల మెరిసే రాగి. మామూలు రాగి కాదు, ఆక్సిజన్‌ లేని రాగి అని కొట్టువాడు చెప్పాడు. ఆ మాట మా పక్కింటి బాబాయికి చెప్పాను. ఆయన మా చర్చిలో సంఘపెద్ద, పాటల బృందం కొయిర్‌లో లావు గొంతు. "ఆక్సిజన్‌ లేకపోతే అదెట్టా పనిచేసిద్దిరా?" అని ఆ వైరు వంక జాలిగా చూశాడు.

పాత వైరుకీ కొత్త వైరుకీ తేడా ఊరికి నిరూపించాలని నా తాపత్రయం. దానికి న్యాయనిర్ణేత ఎవరో ఆలోచించాల్సిన పనే లేదు, మా పాటలత్తయ్య. నాన్నకు అక్క. బళ్లో టీచరుగా చేసి రిటైరైంది. మా చర్చి కొయిర్‌ను నడిపించేది ఆమే. నలభై మంది పాడుతుంటే ఎవరి గొంతు జారిందో కళ్లు మూసుకుని చెప్పేది. పెళ్లి చేసుకోలేదు. క్రిస్మస్‌ నాడు ఆ కొయిర్‌ ముందు నిలబడటమే ఆమెకు పండగ. అయితే ఆ ఏడాది సంఘపెద్దల్లో ఒక గుసగుస మొదలైంది. అత్తయ్యకు వయసు పైబడింది, కీబోర్డు వాయించే కుర్రాడికి కొయిర్‌ అప్పజెబితే బాగుంటుందని. ఆమె ముందు అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. ఆ సంగతి తెలిసి కూడా నా వైరు గొడవలో నేను పట్టించుకోలేదు.

నవంబరులో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, మా ముందుగదిలో పరీక్ష పెట్టాను. అత్తయ్య, బాబాయి, కొయిర్‌ వాళ్లు అరడజను మంది వచ్చారు. భాయ్‌ గారు తెనాలి నుంచి రైల్లో వచ్చారు. ఏ వైరు మీద పాట వస్తుందో ఎవరికీ కనపడకూడదని సెట్టుకు అడ్డంగా తాడు కట్టి దుప్పటి వేలాడదీశాను (ఇది కూడా పత్రికలో చదివిందే). వెనక భాయ్‌ గారు, ముందు మేము. కిందటి క్రిస్మస్‌కి మా కొయిర్‌ పాడిన క్యాసెట్టు పెట్టాం. మొదటిసారి పాత వైరు మీద విన్నాం. తర్వాత దుప్పటి వెనక చాలాసేపు గరగర, చిన్న దగ్గు, "అయిందండి" అనే మాట. మళ్లీ అదే పాట.

పాట అయిపోగానే నేనే ముందు "ఆహా!" అన్నాను. ఆ వెంటనే గదిలో అందరూ అందుకున్నారు. ఒకావిడ, కడిగిన గాజుల్లా ఉంది స్వరం అంది. ఇంకొకాయన తన ఊపిరి తనకే వినపడిందన్నాడు. బాబాయి తన గొంతు ఇంత గంభీరంగా ఉంటుందని ఇప్పుడే తెలిసిందన్నాడు. నేను గర్వంగా అత్తయ్య వైపు తిరిగాను.

"రెండూ ఒకటేరా అబ్బాయ్‌," అంది అత్తయ్య. "రెండో చరణంలో మీ బాబాయి గొంతు మొదటిసారీ కిందికి జారింది, ఇప్పుడూ జారింది. తేడా ఏంటి?"

బాబాయి మొహం ఎర్రబడింది. "మా అందరికీ వినపడింది నీకు వినపడలేదంటే, అక్కా, ఇంక నీ చెవులకి విశ్రాంతి ఇవ్వాలేమో" అన్నాడు. నేనేం అనాలి? మా అత్తయ్య చెవుల సంగతి మీకేం తెలుసు అనాలి. అది మాని, "వయసు కదత్తయ్యా, సన్నటి తేడాలు తెలియవులే" అన్నాను. అత్తయ్య చెంగు సర్దుకుని లేచి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా ఆ మాట చర్చంతా పాకింది. ఎవరూ అడగకముందే అత్తయ్య తన పాటల పుస్తకం తీసుకెళ్లి పాస్టరు అయ్యగారి చేతిలో పెట్టి, "ఆ కీబోర్డు పిల్లవాడికి ఇచ్చెయ్యండి, నాకు వినపడటం లేదంట" అని చెప్పి వచ్చింది. తర్వాతి ఆదివారం వెనక బెంచీలో కూర్చుంది. పాటల్లో పెదవి కదపలేదు. నాకు లోపల ఏదో గుచ్చుకుంది, కానీ ఇంటికి పోయి కొత్త వైరు మీద పాట వింటున్నానని మురిసిపోయే ఆనందం దాన్ని కప్పేసింది.

డిసెంబరులో పండక్కి ఇంటికి సున్నం వేయిస్తూ సెట్టు బల్ల గోడ నుంచి లాగాం. వెనక మద్రాసు వైరు చుట్టచుట్టి పడి ఉంది. కొసల్లో తొడుగు కూడా ఒలవలేదు. ఆంప్లిఫయరుకు ఉన్నది పాత సన్న వైరే.

చేతులకున్న సున్నం పూర్తిగా కడుక్కోకుండానే తెనాలి రైలెక్కాను. భాయ్‌ గారు నన్ను చూడగానే తల దించుకున్నారు. "తప్పయిపోయింది బాబూ. ఆంప్లిఫయరు వెనక వైరు దూర్చే చిల్లు అగ్గిపుల్ల పట్టేంతే, మీ వైరేమో వేలంత. రాగి పోగులు కొన్ని కత్తిరించి సన్నం చేద్దామంటే అంత దూరం నుంచి తెచ్చుకున్నారు, మనసొప్పలేదండి. మళ్లీ పాతదాని మీదే పాట పెట్టి, అయ్యాక మీకు చెబుదామనుకున్నా. మీరేమో పాట ఆగగానే ఆహా అన్నారు. అంత సంతోషంలో ఎట్టా చెప్పేదండి?" చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టి, "ఆ పెద్దమ్మగారు ఒకటే అన్నప్పుడు మాత్రం నన్ను పట్టేసిందని గుండె ఝల్లుమంది" అన్నారు.

మా చర్చిలో ఆరాధన చివర సాక్ష్యాలు చెప్పుకునే వేళ ఒకటుండేది. జ్వరం తగ్గినవాళ్లు, పరీక్ష పాసైనవాళ్లు, తప్పిపోయిన గేదె దొరికినవాళ్లు లేచి దేవుడికి కృతజ్ఞత చెప్పేవారు. ఆ ఆదివారం నేను లేచాను. "నా దగ్గర ఒక స్పీకరు వైరు ఉందండి" అన్నాను. ముందు వరసలో ఒక అవ్వ "స్తోత్రం" అంది. "ఆ వైరు అసలు బిగించనేలేదండి" అన్నాను. "ఆమెన్‌" అంది అవ్వ, ఇంకా గట్టిగా. అంతా నవ్వారు. అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నేను ఆగలేదు. "ఆరోజు అందరికన్నా ముందు లేని తేడా విన్నది నేనే. లేనిది లేదని చెప్పింది మా అత్తయ్య ఒక్కతే. వినపడనిది ఆమెకి కాదండి, మాకు" అని కూలబడ్డాను. బాబాయి చాలాసేపు ఫ్యాను వంక చూసి, చివరికి లేచి నిలబడి, "అయితే రెండో చరణంలో నేను జారిన మాట కూడా నిజమేనేమోనండి" అన్నాడు. కీబోర్డు కుర్రాడు వెనక బెంచీ దాకా నడిచి వెళ్లి పాటల పుస్తకం అత్తయ్య ఒళ్లో పెట్టాడు.

బయట గేటు దగ్గర అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. తిడుతుందనుకున్నాను. "నెల్లాళ్లబట్టి ఇంట్లో కూడా పాడలేదురా. మీరంతా ఒకమాట, నేనొక్కదాన్ని ఒకమాట. నాకు వినపడేది నిజమో కాదో తెలియకపోతే ఏం పాడేది?" అంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆ క్రిస్మస్‌కి ఆమే కొయిర్‌ ముందు నిలబడింది. మద్రాసు వైరును అమ్మ పెరట్లో బట్టలారేయడానికి కట్టింది.

ఇప్పుడు నాకు ఇంచుమించు అప్పటి అత్తయ్య వయసు. నలుగురు కూర్చుని ఏదైనా బ్రహ్మాండంగా ఉందంటే, తేడా తెలియకపోయినా ఈనాటికీ ముందు తల ఊపేస్తాను. ఊపాక ఆ నిండుగదిలో ఒంటరిగా "రెండూ ఒకటే" అన్న మనిషి గుర్తొచ్చి సిగ్గేస్తుంది. అప్పుడు గొంతు సవరించుకుని, "నాకైతే తేడా తెలియలేదండి" అంటాను. ప్రతిసారీ కాదు లెండి, ధైర్యం చిక్కినప్పుడు.