కొండల్ రావు కొలిచిన పైన్ చెట్లు

కొండల్ రావుకు మనిషిని నమ్మే అలవాటు పుట్టుకతోనే లేదు. ఆదిలాబాద్ అడవుల్లో కలప డిపోలో ముప్పై ఎనిమిదేళ్లు చేశాడు. టేకు దుంగ చుట్టుకొలత టేపుతో తీసి, సుత్తితో ముద్ర కొట్టి, నంబరు రాస్తేగానీ లారీని గేటు దాటనిచ్చేవాడు కాదు. ఇప్పుడు అమెరికాలో, నార్త్ కరోలినాలోని క్యారీలో, కూతురు భానుశ్రీ దగ్గర ఉంటున్నాడు. ఊరు మారితే బుద్ధి మారుతుందా? పాలడబ్బా మీద తేదీని కూడా కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదువుతాడు మహానుభావుడు.

కరోనా రెండో ఏడు ఇక్కడి షాపుల్లో చెక్క రేటు మూడింతలైంది. ఇళ్లలో కూర్చున్న జనమంతా పెరట్లో డెక్కులని చెక్క అరుగులు కట్టించుకున్నారు, సూదీ దారం కూడా అట్టపెట్టెల్లో తెప్పించుకున్నారు. ఆ రేటు చూసి కొండల్ రావు ఆగలేకపోయాడు. హైదరాబాద్ శివారులోని ప్లాట్ అమ్మేసి, గంటన్నర దూరంలో నలభై ఎకరాల పైన్ తోట తన పేరు మీద కొన్నాడు. అల్లుడు కిరణ్‌కుమార్ మెల్లగా, "మనకు తెలిసిన బిజినెస్ కాదు కదా మామయ్యా" అన్నాడు. "చెట్టు సంగతి నాకు తెల్వదా?" అని ఆయన ఒక్క మాటతో నోరు మూయించాడు.

మొన్న జనవరిలో లేఆఫ్‌లో కిరణ్‌కుమార్ ఉద్యోగం పోయింది. మనవరాలు హంసికకు సరిగ్గా అప్పుడే, కోరుకున్న కాలేజీలో, వేరే స్టేట్‌లో సీటొచ్చింది. మొదటి ఏడాది ఫీజు ఎక్కడినుంచి తేవాలి? తోటలో చెట్లు ఒత్తుగా ఉన్నాయి, కొన్ని కొట్టించి అమ్మితే సరిపోతుందన్నారు. ఇంటిల్లిపాదీ ఆశ ఆ పైన్ల మీదే పెట్టుకున్నారు.

చెట్లు కొట్టే కాంట్రాక్టర్ వెర్నాన్ వచ్చి తోటంతా తిరిగాడు. అరవై ఏళ్ల మనిషి, తక్కువ మాట్లాడతాడు. టన్నుకు ఇంత అని ఒక రేటు చెప్పాడు. కలప పేపర్ మిల్లుకు వెళ్తుంది, అక్కడ లారీని తూస్తారు, తూకం చీటీ ప్రకారం డబ్బులిస్తారు.

కొండల్ రావుకు ఒళ్లు మండిపోయింది. "షాపులో చెక్క అంత రేటుంటే నా చెట్టుకు ఇంతేనా? తూకం వాళ్లదే, చీటీ వాళ్లదే! ఎవర్ని ఎర్రోణ్ణి చేస్తున్నడు?"

హంసిక అటు అడిగి ఇటు చెప్పింది. "తాతా, చెట్లు చాలా ఎక్కువ ఉన్నాయ్ అంట, మిల్స్ తక్కువ అంట. షాప్ ప్రైస్ పెరిగినా ల్యాండ్ ఓనర్స్‌కి అప్పుడు కూడా ఏం రాలేదు అంట."

"అబ్బో, మంచి కథే చెప్పిండు."

ప్రతి చెట్టూ తను కొలిచి నంబరు వేశాకే సంతకం పెడతానన్నాడు. ఇక్కడ అలా ఎవరూ చేయరని వెర్నాన్ అన్నాడు. అంతే, అనుమానం రెట్టింపైంది. దొంగ కాకపోతే కొలతంటే భయమెందుకు?

ఐదు వారాలు కొలిచాడు! రోజూ హంసికో, కిరణ్‌కుమారో డ్రైవ్ చేసి దింపాలి. టేపు, నీలం రంగు డబ్బా, నోటుబుక్కు, టిఫిన్ డబ్బాలో పులిహోర. నంబరు మూడు వేలు దాటింది. దారిన ఏ ట్రక్కు వెళ్లినా, తన చెట్లు గానీ ఎక్కించారేమోనని నంబర్ ప్లేటు రాసుకునేవాడు.

మధ్యలో వెర్నాన్ రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండోసారి ఫోన్ పెట్టేశాక హంసిక ముఖం పాలిపోయింది. "తాతా, పేపర్ మిల్ క్లోజ్ అవుతుంది అంట. కోవిడ్ టైమ్‌లో బాక్సెస్ కోసం డే అండ్ నైట్ నడిపారంట, ఇప్పుడు ఆర్డర్స్ లేవంట. ఈ మంత్ ఎండ్ వరకే లోడ్స్ తీసుకుంటారు. ప్లీజ్, సైన్ చేసెయ్యి."

కొండల్ రావు నవ్వాడు. "ఇదే ఆఖరి వేలం సార్, మళ్లీ దొరకదు" అని తన చెవిలో ఊదిన కాంట్రాక్టర్లు ఎందరు! "తొందర పెట్టెటోడే దొంగ బిడ్డా. ఇంకొక్క వారం ఆగు."

వారం ఆగారు. తర్వాత ఇంకో మూడు రోజులు. మిల్లు మూతపడింది.

అప్పుడు కూడా నమ్మలేదు ఆయన. వెర్నాన్ ఇంటికి పోదాం పద అన్నాడు. వాడు దొంగచాటుగా ఇంకెవరి చెట్లో కొడుతూ ఉంటాడు, పట్టుకుంటాను! హంసిక కారు తీసింది.

వెర్నాన్ ఇంటి ముందు చెట్లు ఈడ్చే పెద్ద యంత్రాన్ని ఎవరో ట్రైలర్ మీదికి ఎక్కిస్తున్నారు. అమ్మేశాడట. పనివాళ్లు ఆరుగురినీ పంపేశాడట. ఇంకో మిల్లు లేదా అని కొండల్ రావు అడిగించాడు. రెండు వందల మైళ్ల దూరంలో ఉంది, కలప అమ్మిన డబ్బు డీజిల్‌కే చాలదు అన్నాడు వెర్నాన్. కోపం లేదు, తిట్టలేదు. వచ్చినందుకు థాంక్స్ చెప్పి, యంత్రానికి గొలుసులు బిగించడానికి వెళ్లిపోయాడు.

కారెక్కాక కొండల్ రావు నోటుబుక్కు తెరిచి, రాసుకున్న ట్రక్కు నంబర్లన్నీ మొదటినుంచి చూశాడు. ఎంత వెతికినా ఒక్క దొంగ కనపడడే!

హంసిక రోడ్డు మీదినుంచి కళ్లు తిప్పకుండా అంది. "ఇట్స్ ఓకే తాతా. నేను ఇక్కడే, ఫీజు తక్కువ ఉండే కమ్యూనిటీ కాలేజ్‌కి వెళ్తాను. మమ్మీకి మనం వెర్నాన్ మోసం చేశాడు అని చెప్దాం. షి విల్ బిలీవ్ యూ."

నమ్ముతుంది. ఆయన ఫలానావాడు దొంగ అంటే ఆ ఇంట్లో ఎదురు చెప్పేవాళ్లు లేరు. దారి పొడుగునా ఆ మాట నాలుక మీదే ఉంది.

తలుపు తీస్తూనే భానుశ్రీ అడిగింది. "ఏమైంది నాన్నా? మోసం చేశాడా?"

కొండల్ రావు చెప్పులు కూడా విడవలేదు. గడప బయటే నిలబడ్డాడు.

"ఆ మనిషి మంచోడమ్మా. రెండుసార్లు ఫోన్ చేసి చెప్పిండు. బిడ్డ చదువు నేనే చెడగొట్టిన."